గుడ్డబొమ్మకు నీటిరంగుల చిత్తరువు

ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1935లో మొదలుపెట్టి, పనిలేని చిత్రకారులకు అమెరికా ప్రభుత్వం జీతమిచ్చి పాతకాలపు చేతిపనులను నీటిరంగుల్లో గీయించింది. ‘ఇండెక్స్ ఆఫ్ అమెరికన్ డిజైన్’ అని ఆ పథకం పేరు. సుమారు 18,000 చిత్రాలు! నా కళ్లు మాత్రం గుడ్డబొమ్మల దగ్గరే ఆగిపోతాయి. వెలిసిన గౌను మడతలు, దారపు కుట్లు, పసిచేతుల్లో నలిగి మాసిన బుగ్గలు... దేనికీ మెరుగులు దిద్దలేదు, ఉన్నదున్నట్టు దించారు. అప్పటి కలర్ ఫోటోల్లో రంగు నిలకడగా ఉండదని కుంచెనే నమ్ముకున్నారు. ఎంత మంచిపని! ఏ తల్లో పాతగుడ్డలతో కుట్టిన బొమ్మకు రాజుగారి చిత్తరువుకు దక్కేంత శ్రద్ధ దక్కింది. ఆ చిత్రాలు ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉన్నాయి. చాలావాటిని వాళ్ల వెబ్‌సైట్లో ఉచితంగానే చూడొచ్చు. తీరిక చేసుకుని చూడండి, ఇంట్లో పిల్లలకూ చూపించండి.