ఈసారి ముఖాలు

కొత్త సంవత్సరం రాగానే బొమ్మలేసేవాళ్లందరికీ ఒక జబ్బు పట్టుకుంటుంది. రోజుకో పువ్వు, రోజుకో పిల్లి, వంద రోజులు. జనవరి 20 కల్లా చాలామంది ఆగిపోతారు. ఆగనివాళ్లకి వందో పిల్లి కూడా మొదటి పిల్లిలాగే వస్తుంది. తప్పేం లేదు, పిల్లులు బాగుంటాయి. కానీ చేతికి అలవాటైనదాన్నే మళ్లీ మళ్లీ చేయించడం కొత్త ప్రాజెక్టెలా అవుతుందో నాకు అర్థం కాదు.

నాకు కట్టడాలొచ్చు. తార్నాకలో ఉంటాను కాబట్టి ఓయూ ఆర్ట్స్ కాలేజీని ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్ డిజైన్ చేసిన భవనం అది, 1939లో ప్రారంభించారు. పొద్దున కమాను కింద నీడ ఎక్కడిదాకా వస్తుందో, సాయంత్రం ఆ గులాబి గ్రానైటు ఏ రంగుకి తిరుగుతుందో కళ్లు మూసుకుని చెప్పగలను. బతుకుతెరువుకి పుస్తకాల కవర్లు వేస్తాను. వాటిలో మనుషులు మాత్రం ఎప్పుడూ మనకి వీపు చూపిస్తూ నడిచిపోతుంటారు. "భలే మిస్టరీ ఉంటుందండీ మీ స్టైల్లో" అన్నారొక రచయిత. మిస్టరీ ఏం లేదు, నాకు ముఖాలంటే భయం.

తోట వైకుంఠం పేరు వినగానే ముందు గుర్తొచ్చేది ముఖాలే, ఆ పెద్ద బొట్లే. మరీ దూరం పోతే, డెబ్భై ఏళ్ల లోపు తాను వేసిందేదీ లెక్కలోకి రాదని రాసుకున్న జపాన్ ముసలాయన హొకుసాయ్ ఉన్నాడు. ఆ లెక్కన నాకింకా బోలెడు టైముంది.

జనవరి 1న మొదలుపెట్టాను. రోజుకొకరు, నలభై రోజులు. అందరూ క్యాంపస్‌లో కనపడే కొత్తవాళ్లే. అడిగి వెయ్యాలి. పెన్సిలు లేదు, నేరుగా ఇంకు. బొమ్మ వాళ్లకే ఇచ్చెయ్యాలి.

వెయ్యడం కంటే అడగడం కష్టం. చాయ్ బండి ఆయన "ఎంత తీస్కుంటవ్?" అన్నాడు. ఫ్రీ అంటే ఇంకా అనుమానపడ్డాడు. మొదటి వారం అందరికీ ఒకే ముక్కు వచ్చింది, అది నాదే. పదో రోజుకి ఒక సంగతి తెలిసింది: మొదటి ఐదు నిమిషాలు ఏమీ గియ్యకూడదు. కూర్చున్నవాళ్లు ఫొటోకి పెట్టే ముఖం పెడతారు. కాసేపటికి మర్చిపోతారు. నోరు తన చోటికి తాను వచ్చేస్తుంది, భుజాలు దిగుతాయి. అప్పుడు మొదలుపెట్టాలి. అప్పటిదాకా పెన్ను పట్టుకుని ఊరికే ఒక మనిషిని చూస్తూ కూర్చోవడం ఎంత ఇబ్బందో చేస్తే గానీ తెలీదు.

పద్నాలుగో ముఖం సంక్రాంతి సెలవుల్లో. హాస్టళ్లు సగం ఖాళీ. చెట్టు కింద ఒకమ్మాయి గ్రూప్స్‌కి చదువుకుంటోంది. ఊరెళ్లలేదా అనడిగాను.

"పోయినేడు పోయిన అక్కా. జాబ్ ఎప్పుడొస్తది అని అందరు అడిగిర్రు."

అరగంట పట్టింది. కాగితం తీసుకుని చాలాసేపు చూసింది.

"మంచిగుంది. అమ్మకు వాట్సాప్ పెడదామనుకున్న గానీ, వద్దులే. ఇంతగనం అలిసిపోయిన అని తెలుస్తది."

కళ్ల కింద రెండు గీతలు. కవర్ బొమ్మైతే వదిలేసేదాన్ని, ఎవరూ అడగరు కూడా. ఇక్కడ ఇంకు ఆరిపోయింది. కావాలంటే ఇంకోటి వేస్తాను, నవ్వుతూ ఉన్నది, అన్నాను.

"ఇట్లనే ఉన్ననా నేను?"

"ఇట్లాగే ఉన్నావు."

ఇంకేం అనలేదు. కాగితాన్ని మడవకుండా పాలిటీ పుస్తకం మధ్యలో పెట్టుకుంది. ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. బొమ్మ బాగా వచ్చిందని నాకు తెలుసు. ఈ ప్రాజెక్టు మొదలుపెట్టాక బాగా వచ్చిన మొదటి బొమ్మ అదే. అది ఒకరిని బాధపెట్టి ఉండొచ్చని కూడా తెలుసు. బిల్డింగులు ఇన్నేళ్లలో ఎప్పుడూ నన్ను ఏమీ అడగలేదు.

మర్నాడు వేరే దారిలో పోదామనుకుంటూనే ఆ చెట్టు దగ్గరికే వెళ్లాను. ఆ అమ్మాయి పక్కన ఇంకో అమ్మాయి కూర్చుని ఉంది.

"మా రూమ్మేటు అక్కా. ఈమెది గూడ ఎయ్యి. ఉన్నది ఉన్నట్టే ఎయ్యి."