కాలువగట్టు మీద, ఊరికే

"ఎందాకండీ?"

మా వైపు దారిలో ఎదురైన మనిషిని పలకరించే పద్ధతి ఇదే. మనం ఎక్కడికి వెళ్తున్నామన్నది అడిగినవాళ్ళకి నిజంగా అక్కర్లేకపోవచ్చు గానీ, జవాబు మాత్రం ఉండాలి. రావులపాలెం మార్కెట్టుకనో, వాడపల్లి గుడికనో, మందుల షాపుకనో, ఏదో ఒకటి. పోయిన ఏడాది జనవరిలో, పక్కింటివాళ్ళ సైకిలు తీసుకుని మొదటిసారి కాలువగట్టు ఎక్కిన రోజున ఒక పెద్దాయన నన్ను ఈ మాటే అడిగాడు. సైకిలుకి అటూ ఇటూ అరటిగెలలు వేలాడదీసి నడిపించుకెళ్తున్నాడు. నాకు చప్పున ఏం చెప్పాలో తోచలేదు. "ఊరికేనండి" అన్నాను.

ఆయన ఆగిపోయాడు. "ఊరికేనా?" అని నన్నూ సైకిల్నీ ఒకసారి చూసి, "ఆయ్, మంచిదండి" అన్నాడు. కొంత దూరం పోయి వెనక్కి చూస్తే ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. ఆయన తప్పేం లేదు. నా యాభై మూడేళ్ళలో నేనెప్పుడూ ఊరికే ఇంట్లోంచి బయటికి వెళ్ళినట్టు నాకే గుర్తులేదు. కూరలకి వెళ్ళాను, ఉద్యోగానికి వెళ్ళాను, పిల్లల ఫీజులు కట్టడానికి వెళ్ళాను. డాక్టరు చెప్పాడని వాకింగ్‌కి వెళ్ళాను. అదీ పనే, అడుగులు లెక్కపెట్టే గడియారం చేతికి ఉంటుంది కదా.

అసలు ఊరికి వెళ్ళిందే పని మీద. అమ్మ పెరట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. రాజమండ్రిలో ఆపరేషన్ చేశారు. తమ్ముడు దేశంలో లేడు. నేను హైదరాబాద్‌లో స్కూలుకి సెలవు పెట్టి, రెండు నెలలనుకుని వచ్చి ఆరు నెలలు ఉండిపోయాను. రోజంతా మంచం, మందులు, దుప్పట్లు ఉతకడం, ఫోన్లకి జవాబు చెప్పడం. పొద్దున్న ఆరింటికి సాయానికి ఒకమ్మాయి వచ్చేది. అమ్మకి స్నానం చేయించి, టిఫిను పెట్టి, ఎనిమిదిన్నరకి వెళ్ళిపోయేది. ఆ రెండున్నర గంటలూ నేను చేయాల్సిన పని లేదు. మొదటి వారం ఆ అమ్మాయి వెనకాలే తిరిగి, అలా కాదు ఇలా అని చెప్తూ ఉండేదాన్ని. చివరికి అమ్మే విసుక్కుంది. "నువ్వు కాసేపు అవతలికి పోవే తల్లీ!"

పక్కింటి కొట్టంలో ఒక సైకిలు ఉంది. వాళ్ళమ్మాయి హైస్కూల్లో ఉండగా ప్రభుత్వం ఆడపిల్లలకి ఇచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు ఇంజనీరింగ్‌కి వెళ్ళిపోయింది, సైకిలు మీద కొబ్బరిమట్టలు పడేశారు. "తుప్పు పట్టిపోతోందండి, తొక్కితే తొక్కండి" అన్నారు. సెంటర్లో పంచర్ల షాపతను వెనక టైరు మార్చి, ట్యూబు నీళ్ళతొట్టిలో ముంచి బుడగలు చూసి, రెండు ప్యాచీలు వేసి, చైనుకి నూనె పోశాడు. బ్రేకు కట్టలు కొత్తవి. "పాపగారికా అండి?" అన్నాడు. నాకే అన్నాను. సీటు ఒక అంగుళం దించి ఇచ్చాడు.

నేను సైకిలు నేర్చుకున్నది ఇదే ఊళ్ళో, నాన్న పెద్ద సైకిలు మీద. సీటు అందేది కాదు. బారు కింద నుంచి కాలు పోనిచ్చి, ఒళ్ళంతా ఒక పక్కకి వంచి అడ్డతొక్కుడు తొక్కేదాన్ని. మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయి ఉండేవి. పదకొండేళ్ళకి సీటెక్కాను. పన్నెండేళ్ళకి పొలానికి నాన్నకి క్యారేజీ ఇచ్చి వచ్చేదాన్ని. 1983 వేసవిలో పెద్దమనిషినయ్యాను. పదకొండోరోజు స్నానం, కొత్త పరికిణీ ఓణీ, బంధువులు, ఫోటో. మర్నాడు పొద్దున్న అలవాటు కొద్దీ సైకిలు స్టాండు తీయబోతే అమ్మ వంటింట్లోంచే "ఇంక అదొద్దు" అంది. కోప్పడలేదు, కారణం చెప్పలేదు. నేనూ అడగలేదు. ఓణీ వేసుకున్నాక జడకుప్పెలు వచ్చినట్టే ఇదీ వస్తుందేమో అనుకున్నాను. క్యారేజీ పట్టుకెళ్ళే పని తమ్ముడిదైంది. వాడికప్పుడు తొమ్మిదేళ్ళు, వాడిదీ అడ్డతొక్కుడే.

సైకిలు ఒకసారి వస్తే మర్చిపోం అంటారు. సగమే నిజం. తొక్కడం కాళ్ళు మర్చిపోలేదు గానీ, పడితే ఏమవుతుందో ఇప్పుడు బాగా తెలుసు. పైగా ఇంట్లో తుంటి విరిగిన మనిషి కళ్ళెదుట ఉంది. నాలుగు రోజులు స్కూలు గ్రౌండులో తిరిగాక గట్టు ఎక్కాను. రెండో వారంలో చున్నీ వెనక చక్రంలో చుట్టుకుని పక్కకి ఒరిగిపోయాను. కొబ్బరికాయల దింపుకి వెళ్తున్న ఇద్దరు కుర్రాళ్ళు ఆగి, చక్రాన్ని వెనక్కి తిప్పుతూ చున్నీని ఊచల్లోంచి ఓపిగ్గా విడదీసి ఇచ్చారు. నూనె మరకతో నల్లబడింది. అప్పట్నుంచి చున్నీ ఇంట్లోనే వదిలేసి మా ఆయన పాత చొక్కా తొడుక్కుని వెళ్ళేదాన్ని. ఈ చొక్కా గురించి ఊళ్ళో ఒకటి రెండు మాటలు వచ్చాయి. వస్తాయి.

గట్టు మీద సైకిలు ఎంత తేలిగ్గా పోతుందో తొక్కితేనే తెలుస్తుంది. దానికి కారణం ఉంది. ధవళేశ్వరం దగ్గర గోదావరికి 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశారు. అక్కడ్నించి తీసిన కాలువలు పొలాలకే కాదు, పడవలకి కూడా. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ పడవల్ని తాళ్ళతో లాగేవారు. కాబట్టి ఆ దారికి ఎత్తుపల్లాలు ఉండవు. నీళ్ళు మెల్లగా నడవడానికి ఎంత వాలు కావాలో అంతే ఉంటుంది. మనం పైకి పోతున్నామో కిందికి పోతున్నామో మోకాలికి తెలియదు. ఎగువకి వెళ్ళేటప్పుడు ఒక్క వెంట్రుకవాసి బరువు అనిపిస్తుందేమో, అదీ నా ఊహే కావచ్చు. అసలు చిక్కు గాలితో. తొమ్మిది దాటితే సముద్రం వైపు నుంచి తిరిగే గాలి, తిరుగుప్రయాణంలో మొహాన కొడుతుంది. అందుకే ఆరున్నరకల్లా గట్టు మీద ఉండేదాన్ని.

గంటకి ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లు. అంతకన్నా తొక్కలేదు. పక్కనుంచి టీవీఎస్ బళ్ళ మీద కొబ్బరికాయల బస్తాలు దూసుకుపోయేవి. కారులో వెళ్తే ఈ దారి అంతా ఒకటే పచ్చదనం, తెర మీద బొమ్మలాగా. నడిస్తే మా ఊరి చివరి తూము దాకా వెళ్ళి రావడానికే సరిపోతుంది. సైకిలు ఈ రెంటికీ మధ్య దూరం ఇస్తుంది. ఒక ఊరి వంటల వాసన వదిలేలోగా ఇంకో ఊరి వంటల వాసన అందుతుంది. పక్కన ఇంకేం చప్పుడు ఉండదు కాబట్టి మనుషుల మాటలు సగం సగం చెవినపడతాయి. "...అని నేను అననే లేదు వదినా" అని ఒక రేవులో. "...మూడువేలకి ఎవడిస్తాడురా" అని ఇంకో తోటలో. ఆ ముందేమిటో, తర్వాతేమిటో ఎప్పటికీ తెలియదు. నేలలో పాతిన గునపానికి కొబ్బరికాయ గుచ్చి మూడు మెలికల్లో డొక్క ఊడదీసే చప్పుడు కనబడే ముందే వినబడుతుంది. కాలువ నిండా గుర్రపుడెక్క ఊదారంగు పూలు పూసి ఎంత బావుంటుందో, అది నీటికి ఎంత అడ్డమో తెలిసి కూడా ఆగి చూసేదాన్ని.

ధైర్యం చిక్కాక లొల్ల లాకులు దాటి ఆత్రేయపురం దాకా వెళ్ళాను. అక్కడ వీధుల్లో తెల్లారకముందే ఎండు కొబ్బరాకు మంటల వాసన. బోర్లించిన కుండ వీపు మీద, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని ఒక్కసారి ఇలా పరిచి అలా తీసేస్తారు. క్షణంలో రేకు లేస్తుంది. 2023లో ఆత్రేయపురం పూతరేకుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. రోజంతా పొయ్యి సెగకి కూర్చునే ఆడవాళ్ళ కళ్ళు మాత్రం ఎర్రగానే ఉన్నాయి. ఒకావిడ చెయ్యి ఆపకుండానే అడిగింది, "ఎందాకండీ?" అని. ఊరికే అన్నాను. "మీకేవండీ, అదృష్టవంతులు" అంది. ఎత్తిపొడుపేమీ లేదు, ఉన్నమాటే అంది. ఆ పూట తిరిగి వస్తుంటే సైకిలు కొంచెం బరువుగా తోచింది. నా ఊరికేకి ఇంట్లో ఒకమ్మాయికి జీతం ఇస్తున్నాను. తీరిక అనేది ఎవరో ఒకరు మన పని చేస్తుంటేనే దొరుకుతుంది. మగవాళ్ళకి ఎప్పట్నుంచో దొరుకుతున్నది అలాగే కదా అని సర్దిచెప్పుకున్నాను గానీ, పూర్తిగా సర్దుకోలేదు.

ఆ రోజుల్లోనే ఒక పాత పుస్తకం చదివాను. అమెరికాలో మద్యపానానికి వ్యతిరేకంగా స్త్రీల ఉద్యమాన్ని నడిపిన ఫ్రాన్సెస్ విల్లార్డ్ 1895లో అచ్చువేసిన 'ఎ వీల్ విదిన్ ఎ వీల్'. ఆవిడ యాభై మూడో ఏట సైకిలు నేర్చుకుంది. నా వయసే. ఆ సైకిలుకి గ్లాడిస్ అని పేరు కూడా పెట్టుకుంది. పుస్తకం చిన్నది, కొన్నిచోట్ల ఉపన్యాసాల ధోరణి ఎక్కువ, ప్రతి కుదుపులోంచీ ఒక నీతి తీస్తుంది. కానీ మొదట్లోనే ఒక సంగతి చెప్తుంది. పల్లెలో స్వేచ్ఛగా పరుగెత్తుతూ పెరిగిన తనకి పదహారో పుట్టినరోజున పొడుగు గౌన్లు తొడిగారట, ఆ రోజు నుంచి నడకంటేనే విరక్తి పుట్టిందట. అది చదివి పుస్తకం మూసేసి కాసేపు అమ్మ మంచం వైపు చూస్తూ కూర్చున్నాను. ఎక్కడి విస్కాన్సిన్, ఎక్కడి మా ఊరు!

ఆ రాత్రే అడిగేశాను. "అమ్మా, అప్పుడు నన్ను సైకిలు ఎందుకు మాన్పించావు?"

"నేనా? నేనెప్పుడు మాన్పించానే?" అంది.

గుర్తుచేశాను. పరికిణీ, పదకొండోరోజు, వంటిల్లు. అమ్మ నిజంగానే ఆలోచించింది. "లేదు. నువ్వే మానేశావు. సిగ్గుపడి మానేశావనుకున్నాం. మీ నాన్న కూడా అడిగారు, అదేమిటే, సైకిలు ముట్టుకోవట్లేదని."

నలభయ్యేళ్ళ నుంచి నేను మోసుకొస్తున్న ఒక్క మాట అవతలి మనిషి దగ్గర లేనే లేదు. అమ్మ అబద్ధమాడే మనిషి కాదు, మతిమరుపు కూడా లేదు. మరి నేను విన్నదేమిటి? వంటింట్లోంచి ఇంకెవరైనా అన్నారా? అత్తయ్యలిద్దరూ అప్పటికింకా వెళ్ళలేదు. ఇంతకంటే కష్టమైన అనుమానం ఇంకొకటుంది, ఎవరూ అనకముందే నేనే విన్నానేమో. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. నాకు మాత్రం ఆ గొంతు ఇప్పటికీ అమ్మదే.

ఐతే ఆ రాత్రి తర్వాత ఒక మార్పు వచ్చింది. నేను తిరిగి రాగానే అమ్మ "ఎందాకా వెళ్ళావు?" అని అడగడం మొదలుపెట్టింది. ఊరికే అంటే ఒప్పుకునేది కాదు. ఏ తోట దాటావు, ఏ రేవులో ఎవరున్నారు, ఆ మలుపులో రావిచెట్టు ఉందా. అమ్మ పుట్టిల్లు బొబ్బర్లంక. 1964లో పెళ్ళయ్యాక ఈ ఊరికి వచ్చింది పడవలో, ఈ కాలువ మీదే. లొల్ల లాకుల్లో పడవ ఆపి, ముందూ వెనకా తలుపులు మూసి నీళ్ళు వదిలేవారట. పడవ కిందికి దిగుతుంటే రాతిగోడలు రెండు పక్కలా పైకి లేచిపోతున్నట్టుండి, పద్దెనిమిదేళ్ళ పెళ్ళికూతురు భయపడి కళ్ళు మూసుకుందట. "మీ నాన్న నవ్వారు" అంది. ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. ఆ తర్వాత రోడ్లు వచ్చాయి, బస్సులు వచ్చాయి, పుట్టింటికి వెళ్ళేది బస్సులోనే. లాకుల దగ్గర మళ్ళీ ఆగి చూసింది లేదు. "ఆ గోడకి మెట్లుండేవి, ఉన్నాయా?" అని అడిగింది. మర్నాడు వెళ్ళి చూసి వచ్చి చెప్పాను.

ఏప్రిల్లో కాలువలు కట్టేశారు. నీళ్ళు పోయాక కాలువ చూడ్డానికి బావుండదు. బురద, సీసాలు, చెప్పులు, దేవుడి పటాలు. ఐనా మానలేదు. ఎండలు ముదిరాక ఐదున్నరకే బయల్దేరేదాన్ని. అమ్మ ఈలోగా వాకరు పట్టుకుని వీధరుగు దాకా రాగలిగింది.

జూన్ మొదట్లో ఒకరోజు, నీళ్ళొదిలారు, లాకులు దాటాయి అన్నారు. ఎదురెళ్ళాను. మా ఊరికి రెండు మూడు కిలోమీటర్ల ఎగువన, మా చేలకి వెళ్ళే పిల్లకాలువలో కనబడ్డాయి. ప్రవాహం అనడానికి లేదు. అడుగులో అర జానెడు నీళ్ళు, ముందు ఎండుటాకులూ నురుగూ చెత్తా తోసుకుంటూ, గుంట వస్తే ఆగి నిండి, మళ్ళీ కదులుతూ. వెనక్కి తిరిగి దాని పక్కనే తొక్కాను. సైకిలు ఎంత మెల్లగా తొక్కినా నీళ్ళకంటే ముందుంటున్నాను. కొంచెం పోయి దిగి నిలబడటం, అది నన్ను అందుకున్నాక మళ్ళీ ఎక్కడం. నెర్రెల్లోకి దిగేటప్పుడు బుడబుడమని చప్పుడు. కొంగలు రెండు నాలాగే ఆగి ఆగి వస్తున్నాయి. దారిలో ముగ్గురు అడిగారు ఎందాకని. "నీళ్ళతో వస్తున్నానండి" అంటే ఎవరూ వింతగా చూడలేదు.

ఇంటికి వచ్చేసరికి తొమ్మిదిన్నర. ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. అమ్మ అరుగు మీద కుర్చీలో ఒక్కతే ఉంది. ఆలస్యానికి కోప్పడుతుందనుకున్నాను.

"నీళ్ళొచ్చాయా?"

"తూము దాకా వచ్చాయి."

"ఎర్రనీళ్ళా, తేటనీళ్ళా?"

"తేటవే."

"ఐతే పైన ఇంకా వానలు పడలేదు" అంది అమ్మ. "సైకిలు నీడలో పెట్టు. టైరు పాడవుతుంది."