మనవడికి నేర్పబోయి నేను నేర్చుకున్నది

ఈ రోజు మిర్చి రేటు గురించి కాదు, పురుగుమందు గురించీ కాదు. మా ఇంట్లో జరిగిన చిన్న సంగతి రాస్తున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ చివరిదాకా చదవండి. చిన్నపిల్లలున్న ఇళ్ళకి పనికొస్తుంది.

మా అమ్మాయి, అల్లుడు హైదరాబాదులో ఉద్యోగాలు. జూన్‌లో రెండున్నరేళ్ళ మనవణ్ణి మా దగ్గర వదిలివెళ్ళారు. వాడు వచ్చింది డైపర్‌తో. "ఈ ఉక్కలో ఒళ్ళు పేలిపోతది" అని మా ఆవిడ రెండో రోజే తీసి పారేసింది.

మా అమ్మ రోజుల్లో ఈ తంటా లేదు. కాళ్ళు చాపి, పాదాల మీద కూర్చోబెట్టి "ఉస్ ఉస్" అంటే నెలల పిల్లలు కూడా వెళ్ళేవాళ్ళు. వీడికి అది తెలియదు. లెట్రిన్‌లో కూర్చోబెడితే కర్రలా బిగుసుకుపోయి ఒకటే ఏడుపు. నాకు ఓపిక తక్కువ. మూడో రోజు "అయ్యేదాకా బయటికి రావద్దు" అని అరిచాను. తొడ మీద ఒక్కటి వేశాను కూడా. దాచుకోవడం ఎందుకు.

అంతే, వాడు దొడ్డికి వెళ్ళడం మానేశాడు. గోడ మూలకు పోయి కాళ్ళు మెలేసుకొని, మొహం ఎర్రగా చేసుకొని నిలబడేవాడు. ముక్కుతున్నాడనుకున్నాం. కాదు, రాకుండా బిగబట్టుకుంటున్నాడు. ఎవరో చెప్పారని సబ్బుముక్క పెట్టాం. ఐదో రోజు రాయిలా వచ్చింది, దాంతోపాటు రక్తం చార. వాడి ఏడుపుకి నా చేతులు వణికినయ్.

పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపోతే నన్నే చీవాట్లు పెట్టాడు. ఆయన చెప్పింది మన మాటల్లో చెప్తాను. నొప్పికి భయపడి బిడ్డ బిగబడతాడు. బిగబట్టిన కొద్దీ లోపల తడి ఇంకిపోయి గట్టిపడుతుంది. గట్టిపడితే ఇంకా నొప్పి. కాబట్టి ముందు మెత్తబడాలి, నేర్పడం ఆ తర్వాత. సిరప్ రాశాడు. సబ్బుముక్కలు మానెయ్యమన్నాడు. పాలు తగ్గించి నీళ్ళు, బొప్పాయి, జామ, ఆకుకూర పప్పు పెట్టమన్నాడు. తిన్నాక పేగు కదులుతుంది, అప్పుడు ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి, పాదాలు నేలకి ఆనాలి, రాకపోతే లేపెయ్యండి, కొట్టొద్దు అన్నాడు.

నాకు సిగ్గేసింది. కోడెకి మొదటి రోజే నాగలి కడతామా? ఉత్త కాడి వేసి నాలుగు రోజులు తిప్పుతాం. ఆ మాత్రం ఓర్పు మనవడి దగ్గర లేకపోయింది.

ఆ రాత్రి వాడు అసలు సంగతి చెప్పాడు, నాకు కాదు, మా ఆవిడకి. "అమ్మమ్మా, అందులో కప్ప ఉంది." వానకి ఒకరోజు బేసిన్‌లోంచి కప్ప ఎగిరిందంట. పైగా అంత గుంట, వాడి చిన్న కాళ్ళు. భయపడక ఏం చేస్తాడు?

ప్లాస్టిక్ పాటీ కుర్చీ ఒకటి కొని వేపచెట్టు కింద వేశాను. మొదట చెడ్డీతోనే కూర్చున్నాడు. పక్కన పీట వేసుకొని నేను ట్రాక్టరు కథలు చెప్పేవాణ్ణి. పది రోజులకి పని జరిగింది. తర్వాత ఆ కుర్చీని కొంచెం కొంచెంగా లెట్రిన్ వైపు జరిపాను. పాటీలోది లెట్రిన్‌లో పోసి, మగ్గుతో నీళ్ళు వాడి చేతే కొట్టించేవాళ్ళం. "కప్పా పో" అని వాడే తరిమేవాడు. పసిపిల్లలదే కదా అని మనం పెంటకుప్పలో పారేస్తాం. అందులోనూ రోగాలు, నులిపురుగుల గుడ్లు ఉంటాయి, లెట్రిన్‌లోనే పొయ్యాలి.

వాళ్ళమ్మ వచ్చి వెళ్ళిన వారం మళ్ళీ చెడ్డీలోనే. ఈసారి నేను నోరెత్తలేదు. దానంతటదే సర్దుకుంది.

ఇక నా సంగతి. స్వచ్ఛ భారత్ కింద 12 వేలు తీసుకొని కట్టించిన లెట్రిన్ అది. మొదట్లో యూరియా బస్తాలు పెట్టాను. తర్వాత ఆడవాళ్ళు వాడారు గానీ నేను మాత్రం సీసా పట్టుకొని కాలవ గట్టుకే. ఒక పొద్దున వెనక అడుగుల చప్పుడు. చూస్తే మగ్గు పట్టుకొని వీడు. "తాతయ్యా, నేనూ చేలోకే."

సీసా అరుగు మీద పెట్టేసి ఇద్దరం వెనక్కి తిరిగాం. ఆ రోజు నుంచి నేనూ లెట్రిన్‌కే.

మీ ఇళ్ళల్లో ఎట్లా అలవాటు చేశారో రాయండి. కొట్టకండి మాత్రం.