సలమాంకాలో మనకు డబ్బింగ్ ఎవరు చెబుతారు?

స్పెయిన్‌లో హాలీవుడ్ హీరోలంతా గడగడా స్పానిష్ మాట్లాడేస్తారు. అంతా డబ్బింగ్ మహిమ! 1941లో ఫ్రాంకో ప్రభుత్వం విదేశీ చిత్రాలకు డబ్బింగ్ తప్పనిసరి చేసింది. కొన్నేళ్లకు ఆ నిబంధన పోయింది గానీ, జనానికి అలవాటు పోలేదు. సెన్సారు వారికీ డబ్బింగ్ భలే కలిసొచ్చింది. క్లార్క్ గేబుల్ నటించిన 'మొగాంబో' (1953)లో పెళ్లయిన స్త్రీ పరాయివాణ్ణి ప్రేమించిందన్న సంగతి దాచడానికి, భార్యాభర్తల్ని మాటల్లో అన్నాచెల్లెళ్లను చేసేశారు!

అలాంటి దేశానికి చదువు కోసం వెళ్లాను. మాడ్రిడ్‌కు సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, బంగారు రంగు రాతితో కట్టిన ఊరు సలమాంకా. అక్కడి విశ్వవిద్యాలయం 1218 నాటిది. క్లాసులో మాస్టారి మాట ఎక్స్‌ప్రెస్ బండి! నా స్పానిష్ చూస్తే ప్యాసింజరు. మూడు వారాలు 'సీ, సీ' అంటూ తలూపడంతోనే సరిపోయింది. పోనీ సినిమాకెళ్దామంటే ఇంగ్లీషు బొమ్మ కూడా స్పానిషే! రాత్రిళ్లు ఒకటే దిగులు. ఇంటికి తిరుగు టిక్కెట్టు ఎంతో కూడా కనుక్కున్నాను.

నేనున్న ఇంటావిడ నా వాలకం కనిపెట్టింది. అక్కడ రాత్రి భోజనం తొమ్మిది దాటాకే. బంగాళాదుంపలు, కోడిగుడ్లు కలిపి వేసిన మందపాటి అట్టు, 'టోర్టియా', నా ముందు పెట్టి, "ఇహో, రేపట్నుంచి రొట్టె నువ్వే తేవాలి. చీటీ రాసివ్వను, నోటితో అడుగు" అంది. ఇహో అంటే 'అబ్బాయీ' అని!

చెప్పొద్దూ, అక్కడ కొట్ల దగ్గర చాలాచోట్ల వరసగా నిలబడరు. వచ్చినవాళ్లు "ఆఖరి మనిషి ఎవరు?" అని అడిగి, ఆ మనిషిని గుర్తుపెట్టుకుని ఎక్కడో ఓచోట నిలబడతారు. నోరు విప్పకపోతే వరసే లేదన్నమాట! "కియెన్ ఎస్ ఎల్ ఊల్తిమో?" అని దారంతా వల్లించుకుంటూ వెళ్లి, గుమ్మంలో గొణిగాను. ఓ ముసలాయన చెయ్యెత్తి "యో!" అన్నాడు. నేనే అని. మరు నిమిషంలో ఒకావిడ వచ్చి అదే ప్రశ్న వేసింది. ఈసారి "యో!" అన్నది నేను!

ఆ రోజు నుంచి టిక్కెట్టు ఊసెత్తలేదు. రొట్టెల కొట్టు తర్వాత కూరల కొట్టు, ఆ తర్వాత క్లాసులో పక్క కుర్రాడు... మాట మాట పెరిగింది. నెల తిరిగేసరికి డబ్బింగ్ సినిమాలో జోకుకి హాలుతో పాటే నవ్వాను.

పై చదువులకు విమానమెక్కబోయే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! తెర మీద హీరోకైతే ఎవరో ఒకరు గొంతు అరువిస్తారు. పరాయి ఊళ్లో మన డైలాగు మనమే చెప్పుకోవాలి... ముందు కాస్త తడబడినా సరే!