తప్పు వెదురుది కాదు



దసరా సెలవులకు ముందు ఆదివారం నా పక్కమంచం మిత్రుడు గ్రౌండులో పడి చెయ్యి బెణికించుకున్న సంగతి మీకందరికీ తెలుసు. అడక్కుండా వెదురు గడ తీసినందుకు వాడు తిట్లు తిన్నాడు. రెండు వారాలు ఎడమచేత్తో అన్నం తిన్నాడు. కానీ దూకమన్నది నేను. వాడు నా పేరు చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అంతకుముందు రోజు టీవీలో పోల్‌వాల్ట్ చూశాం. స్వీడన్ ఆటగాడు డుప్లాంటిస్ 2025 సెప్టెంబరులో టోక్యోలో 6.30 మీటర్లు దూకాడు. ఇంచుమించు రెండంతస్తుల మేడ ఎత్తు! గడ విల్లులా వంగి, మనిషిని పైకి విసిరేసింది. అది చూసి నేను పెద్ద తెలిసినవాడిలా, "ఒరేయ్, బలమంతా గడలోనే ఉంది. మన కొండ వెదురు కూడా వంగుద్ది కదా. నాలుగడుగులు పరిగెత్తు చాలు, మిగతాది అదే చూసుకుంటది" అన్నాను. వాడు నమ్మాడు. గడ నిటారుగా లేవకముందే ఆగిపోయి, వాణ్ణి వెనక్కి పడేసింది.

సెలవులకు ఊరెళ్లాక తాతకి మాత్రం నిజం చెప్పాను. తాత తిట్టలేదు. చూరులోంచి విల్లు తీసి నా చేతికిచ్చి, "నారి లాగకుండా బాణం వదులు, చూద్దాం" అన్నాడు. బాణం నా కాళ్ల దగ్గరే పడింది. "విల్లుకి బలం యాడిది రా? నీ చెయ్యి ఇచ్చిందే అది బాణానికి ఇస్తది" అన్నాడు.

హాస్టలుకి వచ్చి తొమ్మిదో తరగతి పుస్తకం తీశాను. శక్తిని పుట్టించలేము, నాశనం చేయలేము, రూపం మాత్రమే మారుతుంది. నేను బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్న పాఠమే! పరుగులోని గతిజశక్తిని గడ వంగినప్పుడు దాచుకుంటుంది. అది స్థితిస్థాపక శక్తి. నిటారయ్యేటప్పుడు తిరిగిచ్చేస్తుంది. అదే ఎత్తుగా, అంటే స్థితిజశక్తిగా మారుతుంది.

లెక్క కూడా చేశాను. గతిజశక్తిని స్థితిజశక్తికి సమానం చేస్తే ద్రవ్యరాశి రెండువైపులా కొట్టేసుకుపోతుంది. వేగాన్ని వర్గం చేసి 19.6తో భాగిస్తే ఎత్తు వస్తుంది. సెకనుకు 10 మీటర్ల వేగంతో వస్తే 5.1 మీటర్లు. నిలబడినప్పుడే మన గరిమనాభి బొడ్డు దగ్గర, సుమారు ఒక మీటరు ఎత్తులో ఉంటుంది. అది కలిపితే 6.1. మిగతాది ఆటగాడు చేతులతో గడని కిందికి తోసి సంపాదించుకుంటాడు. అదీ కండలోని శక్తే, తిన్న అన్నమే.

మరి మావాడి నాలుగడుగుల వేగం? సెకనుకు 3 మీటర్లు అనుకున్నా 46 సెంటీమీటర్లే. గడని నిలబెట్టడానికే చాలదు!

వెదురు పనికిరాదని కాదు. 1942లో అమెరికా ఆటగాడు వార్మర్‌డామ్ వెదురు గడతోనే 4.77 మీటర్లు దూకాడు. 1960ల్లో ఫైబర్‌గ్లాస్ గడలు వచ్చాక ఎత్తులు బాగా పెరిగాయి. అవి బాగా వంగుతాయి. వంగిన గడ పొట్టిదవుతుంది కాబట్టి తేలిగ్గా పైకి లేస్తుంది, ఇంకా పైన పట్టుకోవచ్చు. కానీ ఏ గడైనా మనం ఇవ్వనిది ఇవ్వదు.

వార్డెన్ సార్, ఆ తిట్లు నాకు రావలసినవి. తమ్ముళ్లూ, పరుపు లేకుండా, పీఈటీ సారు లేకుండా, ఎండిపోయిన వెదురుతో ఎవరూ దూకకండి.

ఇది గోడకి అంటించకముందే మావాడికి చదివి వినిపించాను. నవ్వి, "ఈసారి నువ్వు దూకు, నేను లెక్క చేస్తా" అన్నాడు.

ఇట్లు,
కిటికీ పక్క మంచం, పదో తరగతి.