ఆత్రేయపురపు పూతరేకు

గోదావరీతీరమున పుట్టిన ఆడుబిడ్డకు పూతరేకు ఎట్టిదో చెప్పనక్కరలేదు. పెండ్లి సారెలలో వచ్చును, పండుగనాడు పళ్లెరమున చేరును. అయినను దానిని తినెడివారిలో, రేకు తీయుట కన్నులార చూచినవారు కొలదిమందియే. మా పిల్లలును అట్టివారే. అందుచేత సంక్రాంతికి మావారి బడి సెలవు లిచ్చినంతనే, ఆడుపిల్లల నిద్దరిని వెంటబెట్టుకొని ఆత్రేయపురమున నున్న మా అమ్మమ్మ యింటికి పయనమైతిమి.

రాజమహేంద్రవరమున రైలు దిగి, బస్సులో ధవళేశ్వరము చేరితిమి. ఇచట కాటనుదొర కట్టించిన గోదావరి ఆనకట్ట 1852లో పూర్తియైనది. నేడు వాహనములు పోవునది దాని స్థానమున తరువాత నిర్మించిన బ్యారేజి మీదుగా. దానిని దాటి బొబ్బర్లంక చేరినచో కోనసీమ గడపలో అడుగిడినట్లే. గౌతమి యొకవైపు, వసిష్ఠ యొకవైపు పాయలై పారుచుండగా నడుమ నున్న నేలయంతయు కాలువలు, వరిచేలు, కొబ్బరితోటలు. పూతరేకునకు కావలసినవి బియ్యము, ఎండిన కొబ్బరాకు, నేయి, తీపి. “వీనిలో ఏవి ఇచట కంటికి కనబడుచున్నవో చెప్పుడు” అని మావారు పిల్లల నడిగిరి. బడిపంతులు సెలవులలోనైనను ప్రశ్న మానరు గదా!

దారి మళ్లి ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామిని సేవించితిమి. ఒకే శిలయందు ముందువైపు కేశవమూర్తి, వెనుకవైపు మోహినీరూపము. అమృతము పంచిన మోహిని పొరుగున నుండగా ఆత్రేయపురమునకు తీపిలో పేరు వచ్చుట వింతకాదని మాకు తోచినది.

ఊరు చేరగానే వీధికి ఇరుప్రక్కల పూతరేకుల అంగళ్లు కానవచ్చినవి. ఒకప్పుడు ఇండ్లలో అమ్మమ్మలు పండుగలకు చేసెడి వంటకము నేడు ఈ ఊరి స్త్రీలకు జీవనోపాధి. ఆత్రేయపురపు పూతరేకునకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. అంగళ్లముందు రంగురంగుల పెట్టెలు మెరయుచుండగా, రేకు పుట్టెడి పొయ్యి మాత్రము పెరటిలో పొగచాటున నున్నది.

మరునాడు వేకువనే అమ్మమ్మ జయ బియ్యము నానవేయించినది. మెత్తగా రుబ్బించి, నీరు చేర్చి, పాలవలె పలుచన చేయించినది. నున్నని గుండ్రని కుండను పొయ్యిమీద బోర్లించి, క్రింద ఎండు కొబ్బరాకులు కొంచెము కొంచెముగా మండించవలెను. కట్టెలు వలదా యని మేమడుగగా, “కట్టె మంట ఒక్కచోటనే కాల్చును, ఆకుమంట కుండంతా తడుమును” అని ఆమె చెప్పినది. చేతిరుమాలంత పలుచని నూలుగుడ్డను పిండిలో ముంచి, రెండు కొనలు పట్టి, వేడికుండపై ఒక్కసారి పరచి లాగవలెను. రెప్పపాటున తెల్లని పొర యేర్పడును. అంచు లేచుట చూచి చేతితో పైకి తీయవలెను. కుండపై పూసిన పూత గనుక పూత. ఆకువలె పలుచని పొర గనుక రేకు.

మా పెద్దపిల్ల ముచ్చటపడి పొయ్యికడ కూర్చుండెను. గడియ గడువకమునుపే కన్నులు ఎఱ్ఱనై నీరు కారినవి, దగ్గు వచ్చినది. మా మనస్సు చివుక్కుమన్నది. అమ్మమ్మ కన్నులు మసకలై నేటికి పదియేండ్లు. అవి ఏ పొగకు అట్లయినవో మాకు చిన్ననాటినుండి తెలియును. “చాలు, లేచిరా. విద్య లేకున్న లోటులేదు, కొని తెచ్చుకొందము” అంటిమి.

పిల్ల లేవలేదు. “తాతమ్మ తీసినదే నేను తీయనా, అమ్మా?” అన్నది.

అమ్మమ్మ కొంతసేపు మాటాడలేదు. పిమ్మట మా మేనమామను పిలిచి, “ఒరే, ఈ పెరటిపాకకు పొగగొట్టము పెట్టించమని ఎన్నాళ్లనుండి చెప్పుచున్నాను! నాకోసము పెట్టించలేదు సరే, దీనికోసమైనా పెట్టించరా” అన్నది. మావైపు తిరిగి, “పూత నేర్చుకోనివ్వవే. పొగ మాత్రము నేర్చుకోనక్కరలేదు” అన్నది. మేము మారు మాటాడలేకపోతిమి. విద్య పోవుటయా, కన్నులు పోవుటయా యని రెండే దారులుగా తలచుచుంటిమి; మూడవ దారి ఆమె చూపినది.

మేనమామ ఆ సాయంకాలమే తాపీవానిని పిలిపించెను. పొగగొట్టము లేచువరకు, పొయ్యిని గాలివాటు చూచి ఆరుబయటికి మార్చిరి. ప్రక్కయింట రేకుల లెక్కన కూలికి తీసెడి యిల్లాలు వచ్చి చూచి, తన యజమానిని కూడ గొట్టమే అడిగెదనని చెప్పిపోయినది.

ఇక మడత. ఆరిన రేకు పెళుసు; తడిగుడ్డ అద్దినచో మెత్తబడును. రెండు రేకులు పరచి, కరగిన నేయి రాచి, ఏలకులతో దంచిన చక్కెరపొడి గాని బెల్లపుపొడి గాని చల్లి, పైన సగము రేకు వేసి, మరల నేయి, పొడి వేయవలెను. అంచులు లోనికి మడిచి చాపవలె చుట్టవలెను. జీడిపప్పు, బాదము పప్పు అంగళ్లలో చేర్తురు. అమ్మమ్మ వాని జోలికి పోదు. తీయని రేకులు చెమ్మ తగులకుండ డబ్బాలో నుంచినచో చాలదినములు నిలుచును.

సోదరీమణులారా, మీ యింటికి ఈ పెట్టె వచ్చినపుడు ధర యెంతయని అడుగుటతోపాటు, రేకు తీసిన పొయ్యికి గొట్టము కలదా యనియు అంగడివారి నడుగుడు. కొనువారు పదిమంది అడిగినచో పెట్టించక తప్పదు.

మేము బయలుదేరునాటికి మా పెద్దపిల్ల తీసిన పది రేకులలో నాలుగు చిరుగకుండ వచ్చినవి. చిరిగిన ఆరింటిని అమ్మమ్మ పారవేయనీయలేదు. నలిపి, నేయి చక్కెర కలిపి, చిన్నదాని దోసిట పోసినది.