సముద్రం లేని తీరంలో సైకిల్ సవారీ

మాది భీమిలి. ఇంటర్ చదివే రోజుల్లో ఆదివారం వస్తే చాలు, స్నేహితులం సైకిళ్ళెక్కి బీచ్ రోడ్డు పట్టేవాళ్ళం. ఎర్రమట్టి దిబ్బలు, ఋషికొండ దాటి విశాఖ ఆర్కే బీచ్ దాకా దాదాపు ముప్ఫై కిలోమీటర్లు. వెళ్ళేటప్పుడు ఎడమచేతి వైపు సముద్రం, వచ్చేటప్పుడు కుడిచేతి వైపు. దారి తప్పే ప్రసక్తే లేదు!

ఇప్పుడు ఉద్యోగరీత్యా ఉంటున్న ఉనైజా సౌదీ నడిబొడ్డున, అల్ ఖసీమ్ ప్రాంతంలో ఉంది. సముద్రం ఏ వైపు చూసినా వందల కిలోమీటర్ల దూరం. 1920లలో ఇటు వచ్చిన రచయిత అమీన్ రైహానీ ఈ ఊరిని 'నజ్ద్ పారిస్' అని మెచ్చుకున్నాడు. మనవాళ్ళు మాత్రం సుక్కరీ ఖర్జూరాల ఊరంటే ఇట్టే గుర్తుపడతారు.

రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని పెంచిన పొట్టను తగ్గించాలని ఈమధ్యే గేర్ల సైకిల్ కొన్నాను. జనవరిలో ఒక శుక్రవారం ఉదయం ఏడింటికి, ఫ్లాస్కు నిండా టీ పోసుకుని తూర్పున ఉన్న అల్ ఔషజియా వైపు బయలుదేరాను. చలికి చెవులు మొద్దుబారాయి. ఎండ సూటిగా కళ్ళలో పడుతోంది. ఊరు దాటాక ఖర్జూర తోటలు, వాటి వెనక ఇసుక తిన్నెలు.

అల్ ఔషజియాలో ఉన్నది ఉప్పునేల. వానలు బాగా పడితే సరస్సవుతుంది, ఎండితే తెల్లటి పొరై మెరుస్తుంది. నేను వెళ్ళినప్పుడు నీళ్ళు కొంచెమే ఉన్నాయి. ఒడ్డున కూర్చుని టీ తాగుతుంటే మా భీమిలి ఉప్పుమళ్ళు కళ్ళముందు కదిలాయి. అలల చప్పుడొక్కటే తక్కువ.

తిరుగుదారిలో ఒక తోట గేటు దగ్గర ఆగాను. పాత సైకిల్ పట్టుకుని ఒకతను నిలబడి ఉన్నాడు. నా ముఖం చూసి తెలుగువాడినని పోల్చుకున్నాడు.

"కారు ఖరాబైందా సార్?"

"లేదు తమ్ముడూ, సరదాకే తొక్కుతున్నా."

"గింత చలిల సరదాకా!" అని పకపకా నవ్వాడు.

జగిత్యాల వైపు మనిషి. చీకటితో తోటకొచ్చి, చీకటి పడ్డాకే గదికి పోతాడట. నేను సముద్రం కబుర్లు మొదలుపెట్టి, "నువ్వెప్పుడైనా చూశావా?" అన్నాను.

"చూసిన సార్, విమానంలకెల్లి. రెండేండ్లకోసారి."

ఏమనాలో తోచలేదు. చూపు అతని సైకిల్ మీద పడింది. ముందు లైటు లేదు, వెనక లైటు లేదు. పక్కనే కార్లు నూటికి తగ్గకుండా దూసుకుపోతున్నాయి. చిన్నప్పుడు డైనమో పనిచేయకపోతే సాయంత్రం సైకిల్ ముట్టుకోనిచ్చేవారు కాదు మా నాన్నగారు. నా సైకిల్ వెనక మిణుకుమనే ఎర్రలైటు ఊడదీసి అతని సైకిల్‌కు బిగించాను. వద్దు సార్, వద్దు సార్ అంటూనే రెండుసార్లు వెలిగించి చూసుకున్నాడు.

"మీ గదిలో సైకిళ్ళెన్ని?"

"నాలుగు సార్."

తరువాతి శుక్రవారం మిగిలిన మూడింటికి ఎర్రలైట్లు, నలుగురికీ మెరిసే జాకెట్లు పట్టుకెళ్ళాను. అన్నీ కలిపినా మా ఇంటిల్లిపాదీ ఒక పూట హోటల్లో తినే ఖర్చంత కూడా కాలేదు.

మీ ఊళ్ళోనూ చీకట్లో సైకిల్ తొక్కే తమ్ముళ్ళు ఉంటారు. ఈసారి కారు పక్కకు ఆపి ఒకసారి పలకరించండి. డిక్కీలో రెండు లైట్లు ఉంచుకోవడం మాత్రం మరిచిపోకండి.